గాయం చూపించమన్నారు

మా వీధిలో మొదట చల్లారింది సీసాల ఫ్యాక్టరీ. తర్వాత లాంతరు చిమ్నీలు చేసేవాళ్ళది. ఆ తర్వాత మందుబుడ్లవాళ్ళది. పొగగొట్టాలు మాత్రం అన్నీ నిలబడే ఉన్నాయి. పొగ ఒక్కదాన్నుంచే వచ్చేది, మా గ్లాసుల ఫ్యాక్టరీ నుంచి. పనికి వెళ్ళే దారిలో పక్క ఫ్యాక్టరీ గోడ మీద చెయ్యి వేసి నడవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎండాకాలంలో చురుక్కుమనేది, చలికాలంలో హాయిగా ఉండేది. బట్టీ ఆరిపోయాక ఆ గోడ ఎంత చల్లబడిందంటే, శవం చెయ్యి పట్టుకున్నట్టు ఒళ్ళు జలదరించింది. ఆ రోజు నుంచి వీధికి అవతలి వైపు నడవడం మొదలుపెట్టాను.

గాజు బట్టీ అంటే వంటింటి పొయ్యి కాదు, కావాలన్నప్పుడు వెలిగించుకుని అక్కర్లేనప్పుడు ఆర్పుకోడానికి. ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. లోపల కరిగిన గాజు నిండుగా ఉంటుంది. మంట ఆగితే ఆ గాజు గడ్డకట్టి లోపలి ఇటుకల్ని పట్టుకుని చీల్చేస్తుంది. మళ్ళీ వెలిగించడమనేది ఉండదు. మొత్తం పగలగొట్టి కొత్తది కట్టుకోవాలి. అంత స్థోమత మా ఓనరు తండ్రికి ఉండేదేమో గానీ, మా ఓనరుకు లేదు.

ఆ బట్టీకి మేస్త్రి మా అన్నయ్య. పిల్లాజెల్లా లేరు. వదిన పోయిన రోజున శ్మశానం నుంచి ఇంటికి రాకుండా తిన్నగా బట్టీ దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడు. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని నేను కూడా వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనెప్పుడూ పెళ్ళి జోలికి పోలేదు, అన్నయ్య ఇంట్లోనే ఉంటాను, ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ సెక్షన్ చూసుకుంటాను. నాకు ముక్కు మీద కోపం అంటారు. ఉంటుంది మరి. వంద మంది నిదానస్తుల మధ్య ఒక్కదానికైనా కోపం ఉండొద్దూ?

బయటి దేశం గ్లాసులు మొదట బజారులో ఒక మూల కనిపించాయి. పల్చగా, తేలిగ్గా, అడుగున ఒక చిన్న పువ్వు గుర్తుతో. ధర అడిగితే నాకు నవ్వొచ్చింది. ఆ ధరకు మాకు ఇసుక, సోడా, సున్నం కూడా రావు. మంట ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. దొంగసరుకేమో అనుకున్నాను. తర్వాత అన్ని షాపుల్లోనూ అవే. హోటళ్ళవాళ్ళు, ఆస్పత్రులవాళ్ళు, మా సరుకు తప్ప ముట్టనివాళ్ళు కూడా మొహం చాటేయడం మొదలుపెట్టారు. మా ఓనరు ధర తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. మేం ఎంత తగ్గిస్తే వాళ్ళు అంతకు కింద ఉండేవాళ్ళు, వెనకే నిలబడి చూస్తున్నట్టు. చివరికి సగం మందిని ఇళ్ళకు పంపేశాడు. మిగిలినవాళ్ళకు జీతం ఈ నెల సగం, వచ్చే నెల అసలు లేదు. బట్టీని ఆర్పడానికి లేదు కాబట్టి గ్లాసులు చేస్తూనే ఉన్నాం. కొనేవాడు లేక అవి నా ప్యాకింగ్ హాల్లో పెట్టెలు పెట్టెలుగా పైకప్పు దాకా పేరుకున్నాయి. వాటి మధ్య సందుల్లో పక్కకు తిరిగి నడిచేవాళ్ళం. కిటికీలు మూసుకుపోయి పగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. ఏ వరస ఎప్పుడు మీద పడుతుందో అని నేను ఆ హాల్లో గట్టిగా తుమ్మేదాన్ని కూడా కాదు.

ఇంత జరుగుతున్నా అన్నయ్య నోటి నుంచి ఒక్క మాట బయటికి రాలేదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే పని బ్రహ్మాండంగా ఉందని చెప్పేవాడు. ఇంట్లో ఒక పూట వండి రెండు పూటలు సర్దుకుంటున్నాం. బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని, భోంచేసి వస్తున్నట్టు మూతి తుడుచుకుంటూ వెళ్ళేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు ఓనరు ఒక లాయరమ్మను తీసుకొచ్చాడు. సన్నగా, చురుగ్గా ఉంది. కుర్చీ వేస్తే వద్దని నా పెట్టె మీదే కూర్చుంది. మా అందరికీ అర్థమయ్యేలా చెప్పింది కూడా. ఆ గ్లాసులు చేసే దేశంలో అవసరానికి మించి ఫ్యాక్టరీలు కట్టేశారట. మిగిలిపోయిన సరుకును, వాళ్ళ సొంత జనానికి అమ్ముకునే ధరలో సగానికే తెచ్చి ఇక్కడ పారబోస్తున్నారట. ఇక్కడి బట్టీలన్నీ ఆరిపోయాక ఇక వాళ్ళు చెప్పిందే ధర. దీన్ని ఆపడానికి ప్రభుత్వం దగ్గర దారి ఉంది, ఆ సరుకు మీద అదనంగా సుంకం వేస్తారు, ధరలు సమానమవుతాయి, ఆ తర్వాత ఎవరి పనితనం వాళ్ళది అంది. కానీ ఊరికే వేయరు. వాళ్ళు తక్కువకు అమ్ముతున్నారని తేలాలి. మాకు నష్టం జరిగిందని తేలాలి. ఆ నష్టం వాళ్ళ వల్లే జరిగిందని తేలాలి. ఈ మూడింట్లో ఏది తేలకపోయినా కేసు పోయినట్టే.

“గాయమైందని చెప్తే చాలదు, చూపించాలి. ఎంతమందిని పని మాన్పించారు, ఎంత సరుకు మిగిలిపోయింది, అన్నీ మేం రాసి ఇచ్చాం. అది నిజమో కాదో చూడ్డానికి ప్రభుత్వ ఆఫీసర్లే స్వయంగా వస్తారు” అంది లాయరమ్మ.

ఓనరు కూడా ఆ రోజు దాచుకోకుండా చెప్పేశాడు. సుంకం పడితే బట్టీ ఉంటుంది. పడకపోతే చలికాలం లోపే ఆర్పేస్తాడు. అది చెప్పేటప్పుడు ఆయన అన్నయ్య వైపు చూడలేదు. అన్నయ్య మాత్రం ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ మాటల్లో మిగతావన్నీ అన్నయ్య ఎంతవరకు విన్నాడో నాకు తెలియదు. ‘వస్తారు, చూస్తారు’ అన్నది మాత్రం విన్నాడు. ఎందుకంటే మా ఫ్యాక్టరీలో చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ఒక పద్ధతుంది. దాన్ని మేం ముస్తాబు అంటాం. మా నాన్న మేస్త్రిగా ఉన్నప్పటి నుంచీ ఉంది. పెద్ద పెద్ద కొనుగోలుదార్లు ఆర్డరిచ్చే ముందు ఫ్యాక్టరీ చూసుకునేవాళ్ళు. వాళ్ళ కళ్ళు గద్ద కళ్ళు. సరుకు మిగిలిపోయి కనిపిస్తే ధర తగ్గించమంటారు. ఒక బల్ల ఖాళీగా కనిపిస్తే వీళ్ళకు మనమే దిక్కని పసిగట్టి పీక నొక్కుతారు. అందుకని వాళ్ళు వచ్చే ముందు నేల కడిగి, గోడలకు సున్నం కొట్టి, మిగిలిన సరుకు కంటికి కనపడకుండా సర్ది, ప్రతి బల్ల దగ్గరా ఒక మనిషిని నిలబెట్టేవాళ్ళం. అలా ముస్తాబు చేసి ఎన్ని ఆర్డర్లు పట్టామో లెక్కే లేదు. మాకు ఊపిరి ఎలాగో అదీ అలాగే. ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి.

ఆఫీసర్లు వచ్చే రోజు నేను కాస్త పెందలాడే వెళ్ళాను. హాలు తలుపు తీసేసరికి లోపల ఏమీ లేదు. పెట్టెలు లేవు. ఆ కొసన కిటికీలోంచి ఎండ పడుతోంది, నెలల తర్వాత. నేల తడితడిగా మెరుస్తోంది. దొంగలు పడ్డారనుకున్నాను. పరిగెత్తుకుంటూ బట్టీ వైపు వెళ్ళాను.

అక్కడ అందరూ ఉన్నారు. అందరూ అంటే నిజంగానే అందరూ. మాన్పించినవాళ్ళు కూడా వచ్చి తమ తమ బల్లల దగ్గర నిలబడ్డారు, ఇస్త్రీ బట్టల్లో, తల దువ్వుకుని. పైసా ఇవ్వరని తెలిసీ వచ్చారు. అన్నయ్య ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చాడట. పెట్టెలన్నీ ముందు రోజంతా మోసి పక్కనున్న చల్లారిన ఫ్యాక్టరీలో పెట్టి తాళం వేశారట. ఆ ముందు రోజు నాకు సెలవిచ్చి ఇంట్లో ఉండమన్నది ఇందుకా! ఓనరేమో ఆ రోజంతా కాగితాల పని మీద లాయరమ్మ దగ్గరే ఉన్నాడు. కొత్త సున్నం వాసన, బట్టీ వేడి, అంతమంది నవ్వు మొహాలు. పండు ముసలివాడు కూడా గాజు ఊదే ఊదుడు గొట్టం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ క్షణాన మా ఫ్యాక్టరీ ఎంత బాగుందో చెప్పలేను. చూస్తుంటే నాకు భయం వేసింది.

అన్నయ్యను పక్కకు లాగి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వీళ్ళు సరుకు కొనడానికి రావట్లేదు, దెబ్బ చూడ్డానికి వస్తున్నారు, ఆ పెట్టెలే మన సాక్ష్యం, వెంటనే వెనక్కి తెప్పించు అన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు.

“చితికిపోయామని తెలిస్తే ఎవడైనా నిలబెడతాడా, చెల్లాయ్? తొక్కేస్తాడు. నాన్న ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నిలబడేవాళ్ళం అనిపిస్తేనే చెయ్యి అందిస్తారు” అన్నాడు. అంత నమ్మకంగా, అంత ప్రేమగా అన్నాడు. కొట్టాలనిపించింది.

ఓనరుకు చెబుదామని గేటు దాకా పరిగెత్తాను. అప్పటికే కారు లోపలికి వచ్చేస్తోంది.

ఆఫీసరు పెద్దాయన. మెత్తగా మాట్లాడతాడు, చెప్పులు కూడా చప్పుడు చేయవు. వెంట ఇద్దరు సహాయకులు. ముందు ఆఫీసు గదిలో కూర్చుని తర్వాత లోపలికి వస్తారని ఓనరు అనుకున్నాడు. ఆయన మాత్రం నేరుగా బట్టీ దగ్గరికే నడిచాడు. వెనక వస్తున్న ఓనరు గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. కిక్కిరిసిన బల్లలు చూశాడు, కడిగిన నేల చూశాడు, ఖాళీ హాలు చూశాడు. నోరు తెరిచి, మాన్పించినవాళ్ళు కూడా ఈ రోజు వచ్చారని ఏదో సర్ది చెప్పబోయాడు. ఆఫీసరు తల ఊపి, ఊదుడు గొట్టం పట్టుకున్న ముసలాయన్ని పోయిన నెల పనికి వచ్చావా అని అడిగాడు. ఆయన ఛాతీ విరుచుకుని వచ్చానండీ అన్నాడు. పక్కవాణ్ణి అడిగాడు. వాడూ వచ్చానన్నాడు. పని పోయిందని పదిమందిలో చెప్పుకోడానికి ఎవరికి నోరొస్తుంది?

చివరికి ఆఫీసరు అన్నయ్య దగ్గర ఆగాడు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాడు. దాపరికం లేకుండా చెప్పమన్నాడు కూడా. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

“ఏ లోటూ లేదండీ. మా బట్టీకి ఏమవుతుంది, ఇంకో తరం మండుతుంది” అన్నాడు అన్నయ్య.

ఇక నేను ఆగలేదు. ముందుకొచ్చి, ఇదంతా అబద్ధమండీ, అమ్ముడుపోని సరుకు పక్క ఫ్యాక్టరీలో దాచారు, రండి చూపిస్తాను అన్నాను. నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలుసు, అక్కడ వినపడనివాడు లేడు. నేను అన్నయ్య వైపు చూశాను. అప్పటికైనా అవునంటాడనుకున్నాను.

అన్నయ్య నవ్వాడు. “మా చెల్లెలండీ. ప్యాకింగ్‌లో పని ఎక్కువై విసుక్కుంటోంది, పట్టించుకోకండి” అన్నాడు.

అందరూ నవ్వారు. మాన్పించినవాళ్ళు కూడా. ఆఫీసరు కూడా చిన్నగా నవ్వి, ఎందుకైనా మంచిదని పక్క ఫ్యాక్టరీ తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగాడు. అది వేరే యజమానిది కదండీ, మాకేం సంబంధం అన్నాడు అన్నయ్య, తాళం చెవి జేబులో పెట్టుకుని. సహాయకుడు ఏదో రాసుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. కడుపులో ఎంత మంట పుట్టిందంటే ఆ బట్టీ దాని ముందు దిగదుడుపే.

వాళ్ళు వెళ్ళాక ఓనరు మెట్టు మీద కూలబడ్డాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. మేం రాసి ఇచ్చినదానికి, వాళ్ళు కళ్ళతో చూసినదానికి పొంతన లేదు. సగం మందిని మాన్పించామన్నాం, అందరూ ఉన్నారు. సరుకు మిగిలిపోయిందన్నాం, హాలు ఖాళీ. ఇక మేం రాసిన ప్రతి మాటా అనుమానమే. నిజంగా తగిలిన దెబ్బ మేమే కడిగి తుడిచేశాం. అన్నయ్య వింటూ వింటూ గోడకు ఆనుకున్నాడు. కొత్త సున్నం వీపుకంతా అంటుకుంది. ఇస్త్రీ చొక్కా అని కూడా చూసుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన నవ్వడం నేను చూడలేదు.

లాయరమ్మ చేతులెత్తేయలేదు. ఇరుపక్షాల మాటా వినే రోజు ఒకటుంటుంది, మేస్త్రి అక్కడికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలి అంది. అన్నయ్య చేత ఆ మాటలు పలికించడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. రోజూ వంటింట్లో నా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించేదాన్ని. ‘జీతం రాలేదు’ అనమంటే ‘కొంచెం ఆలస్యమైంది’ అనేవాడు. ‘ఒక పూటే తింటున్నాం’ అనమంటే లేచి వెళ్ళిపోయేవాడు. ముల్లు గుచ్చుకున్న కాలు డాక్టరుకు చూపించరా బాబూ అంటే కాలు వెనక్కి లాక్కునే పిల్లాడిలా ఉండేది వ్యవహారం. చివరికి ఒక రోజు అన్నాడు. అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

విచారణ జరిగిన ఆ పెద్ద హాల్లో చలి. ఎక్కడి నుంచో చల్లగాలి కొడుతూనే ఉంది. అటువైపు బయటి గ్లాసులు తెచ్చి అమ్మేవాళ్ళు, వాళ్ళ లాయరు. నున్నగా దువ్వుకున్న తల, తొందరే లేని మనిషి. మధ్యలో ఆ మెత్తటి ఆఫీసరు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. అంతా చెప్పాడు. ఒక్కటి కూడా దాచుకోలేదు. జీతం లేదన్నాడు, ఒక పూట తిండన్నాడు, పెట్టెలు తనే మోయించానన్నాడు, ఆ రోజు తాళం చెవి తన జేబులోనే ఉందన్నాడు. అంతమంది ముందు తన పరువు తానే విప్పి కింద పరిచాడు. మా ఓనరు పెట్టెల ఫోటోలు ముందు పెట్టాడు. నా గుండె గర్వంతో ఉప్పొంగింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను.

వాళ్ళ లాయరు లేచాడు. ఫోటోల గురించి ఒక్క మాటే అన్నాడు, పెట్టెలు అటు మోసినవాళ్ళు ఎప్పుడైనా మోయగలరు, ఈ ఫోటోలు ఏ రోజువో ఎవరికి తెలుసని. తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు. చాలా మర్యాదగా అడిగాడు.

“మేస్త్రిగారూ, ఏ లోటూ లేదని ఈ ఆఫీసరుగారికే చెప్పారు. ఇప్పుడు అన్నీ లోటే అంటున్నారు. మీరు అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?”

అప్పుడే చెప్పానండీ అనాలి. అంతే. నేను కూర్చున్నచోటే పెదాలు కదిపాను. అన్నయ్య నోరు తెరిచాడు. జన్మలో ఆయన్ని ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. ఆ మాట తన నోటితో తానే అనుకోవాలి. దిక్కులు చూశాడు. నా వైపు చూశాడు. మాట రాలేదు. లాయరు కాసేపు ఆగి, థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. ఆఫీసరు తల దించుకున్నాడు.

సుంకం పడలేదు. స్వయంగా వెళ్ళి చూసినదాన్ని బట్టి ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగినట్టు తేలలేదని నివేదికలో రాశారు. కార్మికులందరూ పనిలో ఉన్నారనీ, నిల్వలు పేరుకోలేదనీ, ప్యాకింగ్‌లో పని ఒత్తిడి కూడా ఎక్కువగానే ఉన్నట్టు కనిపించిందనీ అందులో ఉంది. ఆ చివరి వాక్యం లాయరమ్మ చదవకుండా దాటేయబోయింది. నేనే చదివించాను.

బట్టీని అన్నయ్యే ఆర్పాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. కరిగిన గాజు వీలైనంత కిందికి వదిలేసి, మంట కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాడు. తెల్లగా మండేది పసుపుకు వచ్చింది, ఎరుపుకు వచ్చింది, తర్వాత ఇక రంగు లేదు. హోరు ఆగిపోయాక వీధి అంతటా ఏం చప్పుడూ లేదు. అప్పుడు లోపల ఇటుకలు పగలడం మొదలైంది. ఒక్కొక్కటే, టక్కుమని. ఆగిందనుకునేసరికి మరొకటి. కొన్ని రోజుల పాటు మా ఇంట్లోకి వినిపించింది. చప్పుడు వచ్చినప్పుడల్లా అన్నయ్య భుజాలు అదిరేవి. కిటికీ వేద్దామంటే వద్దన్నాడు.

మిగిలిన పెట్టెలన్నీ ఓనరు అప్పులవాళ్ళు ఎత్తుకుపోయారు. బయటి గ్లాసుల ధర పెరగడానికి ఎంతో కాలం పట్టలేదు. మొన్న ఇంట్లో గ్లాసులు పగిలిపోతే కొత్తవి కొనడానికి ఇద్దరం కలిసి బజారుకు వెళ్ళాం. మా గ్లాసులు అమ్మిన రోజుల్లో ఆ షాపులో లేని కుర్రాడెవరో కౌంటరులో ఉన్నాడు. వాడు చెప్పిన ధర వింటే దిమ్మ తిరిగింది. మేం అమ్మినదానికి రెట్టింపు. ఏమిటిదని నేను గొంతు లేపాను. ఇంకెవరూ చేయట్లేదు కదండీ, వాళ్ళు ఎంతంటే అంత అన్నాడు వాడు.

నేను ఇంకో మాట అనబోతుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కౌంటరు మీదికి వంగి, అడక్కుండానే ఆ కుర్రాడికి చెప్పడం మొదలుపెట్టాడు. తను ఇక్కడి బట్టీకి మేస్త్రినన్నాడు. ఈ గ్లాసుల వల్లే చితికిపోయామన్నాడు. నెలల తరబడి జీతం లేదన్నాడు, ఒక పూటే తిన్నామన్నాడు, మాన్పించిన ముసలాయన మొన్న పోయాడన్నాడు. తడబడలేదు. ఒక్కో మాటా స్పష్టంగా, వరసలో చెప్పాడు. ఈ మధ్య అలాగే చెప్తున్నాడు, బస్సులో పక్కవాడికి, మంగలికి, ఎవరు దొరికితే వాళ్ళకి. కుర్రాడు గ్లాసులు కాగితంలో చుడుతూ అంతా విన్నాడు. పాపం, మంచివాడే. వాడికి నిజంగానే జాలి కలిగింది.

“అయ్యో, ఇంత జరిగిందా అండీ! ఎవరైనా పెద్ద ఆఫీసరుకు చెప్పాల్సింది” అన్నాడు.

“అవును బాబూ” అన్నాడు అన్నయ్య. గ్లాసుల పొట్లం రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.